ఫ్లైట్ సిమ్‌కి స్క్రీన్ కొంటున్నారా? వెడల్పు తర్వాత, ముందు ఎత్తు చూడండి

గత నెలలో భీమవరం నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. పైలట్ అవుతానని రెండేళ్ళుగా ఇంట్లో ఒకటే గోల. "అన్నయ్యా, ఫ్లైట్ సిమ్ సెటప్ పెడదామనుకుంటున్నా. ఈ పంటకి రొయ్య బాగానే వచ్చింది, నాన్న సరే అన్నాడు. 27 అంగుళాల మానిటర్లు మూడు పెట్టేద్దామా, లేకపోతే 49 అంగుళాల కర్వ్‌డ్ ఒకటి తీసుకుంటే సరిపోద్దా?" అని అడిగాడు.

రెండూ వద్దురా అన్నాను. కాసేపు అటు నుంచి మాట లేదు. వాడు చూసిన వీడియోలన్నీ ఆ రెండింటిలో ఒకటి కొనమనే చెప్పాయి మరి. మూడేళ్ళ క్రితం నేనూ అవే వీడియోలు చూసి 34 అంగుళాల అల్ట్రావైడ్ ఈఎంఐలో కొన్నాను. ఏడాది తిరక్కుండా పది వేలు నష్టానికి అమ్మేశాను. ఆ మానిటర్‌లో లోపమేం లేదు, ఎంచుకున్న నాదే తప్పు. వాడు కూడా అదే తప్పు చెయ్యకూడదని ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను చెప్పేది ఒక్క ముక్క. ఫ్లైట్ సిమ్ కోసం స్క్రీన్ కొనేటప్పుడు హెర్ట్జ్ కాదు, కర్వ్ కాదు, వెడల్పు కూడా కాదు. ముందు ఎత్తు చూడండి. పక్కలకి చూడాల్సిన పని స్క్రీన్‌కి అప్పజెప్పకండి, దాన్ని మీ మెడకి అప్పజెప్పండి. ఎందుకో చెప్తాను.

మధురపూడిలో ఒక రౌండ్ కొడదాం

మనకి బాగా తెలిసిన ఎయిర్‌పోర్ట్‌తోనే మొదలుపెడదాం. రాజమండ్రి విమానాశ్రయం, మధురపూడి. సిమ్‌లో వెతకాలంటే కోడ్ వీఓఆర్‌వై. రన్‌వే పేరు 05/23, పొడవు 3,165 మీటర్లు. ఒకప్పుడు ఏటీఆర్‌లకే సరిపోయే రన్‌వే అది. పొడవు పెంచాక పెద్ద విమానాలకీ వీలైంది, 2024 డిసెంబర్ నుంచి ముంబై, ఢిల్లీలకి ఎయిర్‌బస్ సర్వీసులు కూడా మొదలయ్యాయి. సెస్నా 172 లాంటి చిన్న విమానానికైతే ఆ రన్‌వే పెద్ద మైదానమే. నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి.

రన్‌వే 05 నుంచి టేకాఫ్ అయ్యారనుకోండి. ముక్కు 50 డిగ్రీల వైపు ఉంటుంది. మామూలు లెఫ్ట్ సర్క్యూట్ కొడదాం. ఎడమకి తిరిగి, మళ్ళీ ఎడమకి తిరిగితే డౌన్‌విండ్ మీద ఉంటారు, అంటే రన్‌వేకి సమాంతరంగా, ఎదురు దిక్కులో వెళ్తున్నారన్నమాట. ఇప్పుడు రన్‌వే ఎక్కడుంది? మీకు కచ్చితంగా ఎడమ చేతి వైపు, 90 డిగ్రీల్లో. రన్‌వే మొదలు మీ రెక్క పక్కకి వచ్చినప్పుడు పవర్ తగ్గించాలి. అది రెక్కకి వెనకగా 45 డిగ్రీలకి జారాక బేస్‌కి తిరగాలి. అంటే ముక్కు నుంచి లెక్కేస్తే 135 డిగ్రీలు. నిజమైన విమానంలో పైలట్ ఏం చేస్తాడు? తల తిప్పి భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. అంతే.

ఇప్పుడు నా అల్ట్రావైడ్ సంగతి. 34 అంగుళాల 21:9 స్క్రీన్ వెడల్పు సుమారు 80 సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే మన కంటికి అది సుమారు 67 డిగ్రీలు ఆక్రమిస్తుంది. అంటే ఎడమకి 33, కుడికి 33. నేను చూడాల్సింది 90, ఆపైన 135. ఈఎంఐ కట్టి కొన్న ఆ అదనపు వెడల్పులో రన్‌వే ఒక్కసారి కూడా కనపడలేదు. చివరికి హ్యాట్ స్విచ్ నొక్కే చూసేవాణ్ణి. ఆ స్విచ్ నా పాత జాయ్‌స్టిక్ మీద మొదటి నుంచీ ఉంది!

పోనీ 49 అంగుళాల 32:9? దాని వెడల్పు దాదాపు 120 సెంటీమీటర్లు. అదే దూరంలో బల్లపరుపుగా లెక్కేస్తే 90 డిగ్రీలు, వంపు కలుపుకుంటే ఇంకొంచెం ఎక్కువ. ఎడమకి 45, మహా అయితే 55. ఇంకా 90 రాలేదు. 27 అంగుళాలవి మూడు పక్కపక్కన వంచి పెడితే ఒక్కోటి 53 డిగ్రీలు, మొత్తం 159. ఎడమకి 80 దగ్గర ఆగింది. పవర్ తగ్గించే చోటుకి కాస్త ఇవతల, బేస్‌కి తిరిగే చోటుకి చాలా ఇవతల.

అంటే లక్ష రూపాయలు పోసినా సర్క్యూట్‌లో మీకు అవసరమైన రెండు చూపుల్లో ఒక్కటీ పూర్తిగా దొరకదు. ఎలాగూ తల తిప్పాల్సిందే. తిప్పక తప్పనప్పుడు వెడల్పు మీద అంత డబ్బెందుకు?

ఎత్తు ఎక్కడ పనికొస్తుంది

రేసింగ్ గేమ్‌లో చూడాల్సిందంతా అడ్డంగా ఉంటుంది: రోడ్డు, పక్క కారు, మలుపు. విమానంలో అలా కాదు. పైన అద్దంలోంచి బయట, కింద మీటర్ల ప్యానెల్. కళ్ళు పైకీ కిందకీ తిరుగుతూనే ఉంటాయి. ఫైనల్ మీద ఉన్నప్పుడు రన్‌వే, స్పీడ్, మళ్ళీ రన్‌వే, మళ్ళీ స్పీడ్. ఈ రెండూ ఒకే చూపులో, చదవగలిగే సైజులో ఉండాలి.

34 అంగుళాల అల్ట్రావైడ్ ఎత్తు ఎంతో తెలుసా? 27 అంగుళాల మామూలు మానిటర్‌ది ఎంతో దాదాపు అంతే. 33, 34 సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల దూరంలో 31 డిగ్రీలు. ఆ 31 డిగ్రీల్లోనే ఆకాశం, హొరైజన్, ముక్కు, ప్యానెల్ అన్నీ ఇరుక్కోవాలి. ఇరకవు. అందుకని ఏం చేస్తాం? జూమ్ వెనక్కి లాగుతాం. అప్పుడు అన్నీ కనిపిస్తాయి గానీ అన్నీ చిన్నవైపోతాయి.

ఇక్కడే అసలు ప్రమాదం. జూమ్ వెనక్కి లాగితే రన్‌వే నిజంగా కనిపించాల్సిన దానికంటే చిన్నగా, దూరంగా కనిపిస్తుంది. ఇంకా దూరం ఉందిలే అనుకుంటాం. ఫ్లేర్ ఆలస్యం అవుతుంది, చక్రాలు ధడేల్‌మని తగులుతాయి. నేను ఏడాది పాటు ల్యాండింగ్ బాగా రాక తిట్టుకుంటూ రడ్డర్ సెట్టింగులు, జాయ్‌స్టిక్ కర్వులు అన్నీ మార్చి చూశాను. తప్పు స్క్రీన్ లెక్కలో ఉందని తర్వాత తెలిసింది. సరదాకి ఆడుకునేవాడికి ఇది పెద్ద విషయం కాదు. కానీ మా తమ్ముడు లాగా రేపు నిజంగా కాక్‌పిట్‌లో కూర్చోవాలనుకునేవాడి కంటికి రన్‌వే సైజు తప్పుగా అలవాటు కాకూడదు.

ఎయిర్‌లైన్స్ పైలట్లు ట్రైనింగ్ తీసుకునే పెద్ద ఫుల్ ఫ్లైట్ సిమ్యులేటర్లకి యూరప్ నిబంధనల్లో ఒక లెక్క ఉంది. అత్యున్నత స్థాయి సిమ్యులేటర్‌లో బయటి దృశ్యం ప్రతి పైలట్‌కీ అడ్డంగా 180 డిగ్రీలు, నిలువుగా 40 డిగ్రీలు తగ్గకుండా కనిపించాలి. గమనించండి, ఆ 40 కేవలం అద్దంలోంచి కనిపించేదానికే. ప్యానెల్ విడిగా నిజమైన వస్తువులా ముందు ఉంటుంది. మనకి ఇంట్లో ఆ రెండూ ఒకే స్క్రీన్‌లో రావాలి. అలాంటప్పుడు 31 డిగ్రీలు ఏ మూలకి?

మరి ఎత్తు తక్కువ ధరలో ఎక్కడ దొరుకుతుంది? టీవీలో. 43 అంగుళాల టీవీ వెడల్పు 95 సెంటీమీటర్లు, ఎత్తు 53.5. కంటికి 75 సెంటీమీటర్ల దూరంలో పెడితే అడ్డంగా 65 డిగ్రీలు, నిలువుగా 39. చూశారా, అల్ట్రావైడ్ ఇచ్చిన వెడల్పు ఎటూ పోలేదు, దాదాపు అంతే ఉంది. పైన ఎనిమిది డిగ్రీల ఎత్తు కలిసొచ్చింది. నా అల్ట్రావైడ్ 32 వేలు, దాన్ని అమ్మాక దానవాయిపేటలో కొన్న 43 అంగుళాల 4కే టీవీ 25 వేలు. బ్రాండ్లు, ఆఫర్లు నెలనెలా మారతాయి కాబట్టి ఫలానా మోడలే కొనమని నేను చెప్పను. కొలతలు మాత్రం మారవు.

టేబుల్ చిన్నదైతే, లేదా అదే స్క్రీన్ మీద రోజూ కోడింగ్ చెయ్యాల్సి వస్తే 32 అంగుళాల మానిటర్ రెండో మంచి మార్గం. 60 సెంటీమీటర్ల దూరంలో 61 డిగ్రీల వెడల్పు, 37 డిగ్రీల ఎత్తు ఇస్తుంది. 1440పీ చాలు. 27 అంగుళాలది ఇప్పటికే ఉంటే కొత్తది కొనకండి. కుర్చీ పది సెంటీమీటర్లు ముందుకి జరపండి, పైసా ఖర్చు లేకుండా ఎత్తు పెరుగుతుంది.

మెడకి పని చెప్పండి

పక్కలకి చూడ్డానికి హెడ్ ట్రాకింగ్. ఈ మాట వినగానే చాలామంది ట్రాక్ఐఆర్ ఖరీదు గుర్తొచ్చి ఆగిపోతారు. అవసరం లేదు. ఓపెన్‌ట్రాక్ అని ఉచిత ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో న్యూరల్‌నెట్ ట్రాకర్ ఎంచుకుంటే మామూలు వెబ్‌క్యామ్‌తోనే మీ తల ఎటు తిరిగిందో పట్టుకుంటుంది. టోపీకి ఏమీ తగిలించుకోనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లోనూ ఎక్స్-ప్లేన్‌లోనూ పని చేస్తుంది.

దీని కిటుకు కర్వ్‌లో ఉంది. తల 20 డిగ్రీలు తిప్పితే సిమ్‌లో చూపు 90 డిగ్రీలు తిరిగేలా సెట్ చేసుకుంటారు. తల కొంచెమే తిరుగుతుంది కాబట్టి కళ్ళు ఇంకా స్క్రీన్ మీదే ఉంటాయి. నేరుగా ముందుకి చూసేటప్పుడు ఐదారు డిగ్రీల వరకు ఏమీ కదలకుండా డెడ్ జోన్ పెట్టుకోండి, లేకపోతే ప్యానెల్ చదివేటప్పుడు అంతా ఊగుతూ తల తిప్పుతుంది. మొదటి రెండు రోజులు చిరాగ్గా ఉంటుంది. మూడో రోజుకి మర్చిపోతారు, డౌన్‌విండ్‌లో మెడ దానంతటదే ఎడమకి తిరుగుతుంది. నిజమైన విమానంలో కూడా కావాల్సిన అలవాటు అదే. హ్యాట్ స్విచ్ నొక్కే అలవాటు అక్కడ ఎందుకూ పనికిరాదు.

లోపాలు లేవని కాదు. వెబ్‌క్యామ్‌కి ముఖం మీద వెలుతురు కావాలి. గదిలో లైట్లన్నీ ఆపేసి నైట్ ఫ్లైట్ చేద్దామంటే తడబడుతుంది. టేబుల్ మీద చిన్న ల్యాంప్ ఒకటి ముఖానికి పడేలా పెట్టుకుంటే సరిపోతుంది.

హెర్ట్జ్ మోజు వదిలేయండి

షూటింగ్ గేమ్స్ ఆడేవాళ్ళకి 144, 240 హెర్ట్జ్ ఎందుకో నాకు తెలుసు. ఫ్లైట్ సిమ్ వేరే జాతి. ఇక్కడ చాలాసార్లు జీపీయూ కంటే ముందు ప్రాసెసర్ అలిసిపోతుంది, అదీ ఒకే మెయిన్ థ్రెడ్ మీద. పెద్ద ఎయిర్‌పోర్ట్ దగ్గర నా రైజెన్ 5 5600, ఆర్‌టీఎక్స్ 3060 జోడీ 35, 40 ఎఫ్‌పీఎస్ ఇస్తే సంతోషమే. 165 హెర్ట్జ్ మానిటర్ కొని అందులో 38 ఫ్రేములు చూడ్డం అంటే పదిమంది పట్టే వ్యాన్ కొని ఇద్దరం తిరిగినట్టే.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉపయోగపడుతుంది. 60 హెర్ట్జ్ స్క్రీన్‌లో 30 ఎఫ్‌పీఎస్‌కి లాక్ చేస్తే ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండేసి రిఫ్రెష్‌లు నిలుస్తుంది, కదలిక సాఫీగా ఉంటుంది. అదే 40 వస్తే ఒక ఫ్రేమ్ ఒకసారి, ఇంకోటి రెండుసార్లు, చూపు కుదుపులు. అంకె పెరిగినా అనుభవం తగ్గుతుంది. కాబట్టి 60 హెర్ట్జ్ టీవీలో 30 లాక్ చెయ్యండి. 120 హెర్ట్జ్ ప్యానెల్ దొరికితే 40 లాక్ చక్కగా కుదురుతుంది.

పిక్సెళ్ళ బరువు కూడా చూసుకోవాలి. 1080పీలో 21 లక్షల పిక్సెళ్ళు. 1440పీలో 37 లక్షలు, అల్ట్రావైడ్ 1440పీలో దాదాపు 50 లక్షలు, 1080పీ మూడు కలిపితే 62 లక్షలు, 4కేలో 83 లక్షలు. 4కే బరువే కదా అంటారు. నిజమే, నా 3060 పూర్తి 4కేని మొయ్యలేదు. కానీ రెండర్ స్కేలింగ్ 70 శాతానికి తగ్గించొచ్చు, లేదా డీఎల్ఎస్ఎస్ వాడొచ్చు. డీఎల్ఎస్ఎస్‌తో ఒక ఇబ్బంది: జీ1000 లాంటి గ్లాస్ కాక్‌పిట్‌లో వేగంగా మారే అంకెల వెనక నీడలు వస్తాయి. గుండ్రటి ముళ్ళ మీటర్లున్న విమానమైతే ఆ బాధ పెద్దగా తెలీదు. నేను మాత్రం డీఎల్ఎస్ఎస్ ఆపేసి రెండర్ స్కేలింగ్‌తో నడుపుతాను.

అలాగని ధర తక్కువని 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ మాత్రం తేకండి. మామూలుగా మంచి చూపున్న కన్ను డిగ్రీకి దాదాపు 60 పిక్సెళ్ళ వరకు విడదీసి చూడగలదు. 75 సెంటీమీటర్ల దూరంలో 43 అంగుళాల 4కే ఇచ్చేది 59. అంటే దాదాపు సరిసమానం. ఫుల్ హెచ్‌డీ ఇచ్చేది అందులో సగం, 30. ఆల్టీమీటర్ అంకెలు చదవడానికి ముందుకి వంగాల్సి వస్తుంది.

టీవీ కొనేముందు షోరూమ్‌లో చెయ్యాల్సిన పరీక్ష

టీవీలన్నీ మానిటర్‌గా పనికిరావు. కొన్ని చవక టీవీలు కంప్యూటర్ నుంచి వచ్చే సిగ్నల్‌లో రంగుల వివరాన్ని కుదించేస్తాయి. సినిమాలో తెలీదు గానీ అక్షరాల అంచులు పాకుడు పట్టినట్టు కనిపిస్తాయి. కాక్‌పిట్‌లో ఉండేవన్నీ రంగు అక్షరాలే కదా. అందుకని మొహమాటం లేకుండా ల్యాప్‌టాప్, హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకుని షోరూమ్‌కి వెళ్ళండి. ఎర్ర బ్యాక్‌గ్రౌండ్ మీద నీలం రంగులో సన్నటి అక్షరాలు టైప్ చేసిన ఒక బొమ్మ ముందే తయారు చేసుకోండి. అది 4కే, 60 హెర్ట్జ్‌లో పెట్టి చూడండి. అక్షరాలు పదునుగా ఉంటే పాస్. అలికినట్టుంటే ఇన్‌పుట్ పేరుని పీసీ అని మార్చి మళ్ళీ చూడండి. కొన్ని టీవీల్లో ఆ ఒక్క మార్పుతోనే బాగవుతుంది. అప్పటికీ బాగవకపోతే ఇంకో టీవీ చూపించమనండి. నేను ఇలా మూడు టీవీలు మార్పించాను. "ఏంటండీ బాబూ, టీవీ కొంటున్నారా, పరీక్ష పేపర్ దిద్దుతున్నారా" అన్నాడు సేల్స్ కుర్రాడు. నాలుగో టీవీకి వాడే ఉత్సాహంగా సెట్టింగులు వెతికాడు.

ఇంటికొచ్చాక గేమ్ మోడ్ ఆన్ చెయ్యండి, లేకపోతే జాయ్‌స్టిక్ కదిపిన కాసేపటికి గానీ స్క్రీన్ కదలదు. మోషన్ స్మూతింగ్, షార్ప్‌నెస్ లాంటి అలంకారాలు ఆపేయండి. అంచులు కత్తిరించకుండా పూర్తి బొమ్మ చూపించే స్క్రీన్ ఫిట్ ఎంచుకోండి.

ప్యానెల్ రకం సంగతి. వీఏ ప్యానెల్‌లో నలుపు నల్లగా ఉంటుంది, కాంట్రాస్ట్ సాధారణంగా 3000:1 ఆపైన. ఐపీఎస్‌లో 1000:1 దగ్గర. రాత్రి పూట చీకట్లో రన్‌వే లైట్లు మెరవాలంటే వీఏ. పక్క నుంచి ఇంకొకరు కూర్చుని చూడాలంటే ఐపీఎస్. ఓఎల్ఈడీ చూడ్డానికి అద్భుతం, కానీ మనం గంటల తరబడి ఒకే ప్యానెల్, అవే మీటర్లు, అదే చోట చూస్తాం. బర్న్-ఇన్ భయం ఉన్న స్క్రీన్‌కి ఇంతకంటే చెడ్డ పని ఇంకోటి ఉండదు. నా డబ్బుతో నేను కొనను.

బిగింపు కూడా ముఖ్యమే. మన ఇళ్ళలో టేబుల్ సాధారణంగా రెండడుగుల లోతు, అంటే 60 సెంటీమీటర్లు. టీవీని దాని కాళ్ళ మీద టేబుల్ మీద నిలబెడితే మరీ ముఖం మీదకి వస్తుంది. గోడకి బిగిస్తే 75 సెంటీమీటర్లు హాయిగా వస్తుంది. మీ కంటి మట్టం స్క్రీన్ పై నుంచి మూడో వంతు దగ్గర ఉండేలా బిగించండి. కాక్‌పిట్‌లో హొరైజన్ అక్కడే వస్తుంది, ప్యానెల్ కిందకి చూసినట్టు ఉంటుంది. కిటికీకి ఎదురుగా మాత్రం బిగించకండి. మధ్యాహ్నం కొబ్బరి చెట్ల నీడలన్నీ మీ ఆకాశంలో ఊగుతాయి.

మీరు అడగబోయేవి

"వీఆర్ ఉండగా ఇదంతా ఎందుకు?" న్యాయమైన ప్రశ్న. లోతు, దూరం, తల తిప్పి చూడ్డం, ఈ మూడింట్లో వీఆర్‌ని ఏ స్క్రీనూ కొట్టలేదు. ల్యాండింగ్ ఎత్తు అంచనా అందులో చాలా సహజంగా వస్తుంది. కానీ మెటా క్వెస్ట్ 3 ఇచ్చేది డిగ్రీకి 25 పిక్సెళ్ళు, చిన్న అంకెలు మసకగానే ఉంటాయి. చార్టు చదవడం, నోట్సు రాసుకోవడం, కీబోర్డు వెతుక్కోవడం కష్టం. పైగా రోహిణి కార్తెలో రాజమండ్రిలో ముఖానికి ఆ డబ్బా కట్టుకుని గంట కూర్చోమనండి చూద్దాం. ఫ్రెండ్‌ది తెచ్చుకుని వారం వాడాను. ఏసీ గదిలో కూడా లెన్సులు తుడుచుకోవడమే సరిపోయింది.

"మూడు మానిటర్లు అసలు దండగేనా?" కాదు. ఎక్స్-ప్లేన్‌లో ఒక్కో స్క్రీన్‌కీ సరైన కోణం ఇచ్చి మూడు విండోలు తెరవొచ్చు, చాలా బాగుంటుంది. పెద్ద గ్రాఫిక్స్ కార్డు, ఆరడుగుల టేబుల్, ఖర్చుకి వెనకాడని జేబు ఉంటే పెట్టుకోండి. కానీ మొదటి సెటప్‌గా వద్దు. మొదటి సెటప్‌లో డబ్బు వెళ్ళాల్సింది జాయ్‌స్టిక్‌కి, తర్వాత రడ్డర్ పెడల్స్‌కి. స్క్రీన్ మూడో స్థానంలో ఉండాలి.

"అల్ట్రావైడ్ ఎవరికి?" ఎక్కువగా ఆఫీసు పని, వీడియో ఎడిటింగ్, రేసింగ్, మధ్యలో కాస్త ఎయిర్‌బస్ ఆటోపైలట్ మీద వదిలేసి టీ తాగేవాళ్ళకి. వాళ్ళకి అది మంచి స్క్రీనే. సర్క్యూట్లు కొట్టి ల్యాండింగ్ నేర్చుకునేవాళ్ళకి కాదు.

"కరెంట్ పోతే?" ఈ ప్రశ్న వేరే ఊళ్ళ రివ్యూల్లో రాదు గానీ మనకి రావాలి. ఇంట్లో ఫ్యాన్లకి పెట్టిన ఇన్వర్టర్ మీద గేమింగ్ పీసీ, టీవీ నడపాలని చూడకండి. సీపీయూకీ టీవీకీ కలిపి ఒక యూపీఎస్ పెట్టుకోండి, అది ఆడుకోవడానికి కాదు, ఫ్లైట్ ఆపి సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ చెయ్యడానికి. స్క్రీన్లు పెరిగేకొద్దీ ఆ యూపీఎస్ సైజూ పెరుగుతుంది, అది కూడా లెక్కలో వేసుకోండి.

మా తమ్ముడు వచ్చి చూశాడు

ఫోన్‌లో ఎంత చెప్పినా వాడికి నమ్మకం కుదరలేదు. ఆదివారం బండేసుకుని వచ్చేశాడు. మధురపూడిలో సెస్నా 172 పెట్టి కూర్చోబెట్టాను. ముందు ఊరు చూస్తానన్నాడు. గోదావరి మీదకి తీసుకెళ్ళాను. దాదాపు వందేళ్ళు రైళ్ళని మోసి రిటైరైన హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన, ఆర్చి వంతెన, కింద ధవళేశ్వరం బ్యారేజీ. అది దాటాక నది గౌతమిగా, వశిష్ఠగా చీలిపోవడం పై నుంచి చూసి "అబ్బ, మ్యాప్‌లో చదివిందే కదా ఇది" అన్నాడు. ఉపగ్రహ చిత్రాల మీద కట్టిన సిమ్ కాబట్టి మన డెల్టా మనకి గుర్తుపట్టేలానే ఉంటుంది.

తర్వాత సర్క్యూట్లు. మొదట హెడ్ ట్రాకింగ్ ఆపేసి నా పాత అల్ట్రావైడ్ ఎత్తుకి సరిపడా స్క్రీన్ పైనా కిందా అట్టముక్కలు అడ్డం పెట్టి కొట్టించాను. బేస్‌కి ఎప్పుడు తిరగాలో తెలీక రన్‌వే దాటి చాలా దూరం పోయాడు. తర్వాత అట్టలు తీసేసి, ట్రాకింగ్ ఆన్ చేశాను. ఐదో రౌండ్‌కి మెడ తిప్పి రన్‌వే చూసి, తనే పవర్ తగ్గించి, తనే తిరిగాడు. ల్యాండింగ్ గట్టిగానే తగిలింది, కానీ రన్‌వే మీదే తగిలింది. ఒక్క సాయంత్రానికి అది చాలు. స్క్రీన్ గొప్పతనం ఎంత, వాడి సాధన ఎంత అని నేను తూకం వెయ్యలేను గానీ, రన్‌వే కనపడనివాడు సాధన చేసేదేముంది?

వెళ్ళేముందు ఇంకో మాట చెప్పాను. ఇది మీలో పైలట్ కలలు కనేవాళ్ళందరికీ కూడా. ఇంట్లో సిమ్ మీద ఎన్ని గంటలు ఎగిరినా ఒక్క గంట కూడా లాగ్‌బుక్‌లోకి రాదు. కమర్షియల్ లైసెన్స్‌కి డీజీసీఏ అడిగే 200 గంటలు విడిగా, డబ్బు కట్టి, ఆకాశంలో ఎగరాల్సినవే. ఇంటి సిమ్ పని వేరు. చెక్‌లిస్టులు నోటికి రావడం, చూపు ఎక్కడెక్కడ తిరగాలో అలవాటు కావడం, ఫ్లయింగ్ స్కూల్‌లో ఖరీదైన గంటలు వృథా కాకుండా చూసుకోవడం. అంతకంటే ముందు డీజీసీఏ క్లాస్ 2 మెడికల్ చేయించుకోవాలి. రంగులు గుర్తుపట్టడం దగ్గర నుంచి అన్నీ చూస్తారు. అందులో ఏదైనా తేడా ఉంటే స్కూల్‌కి ఫీజు కట్టాక తెలియడం కంటే ఇప్పుడే తెలియడం మేలు.

వాడు లక్షన్నర అనుకుని వచ్చాడు. టీవీ, వెబ్‌క్యామ్, జాయ్‌స్టిక్, పెడల్స్ కలిపి రాసుకున్న చీటీ అందులో సగం కూడా దాటలేదు. మిగిలింది బాబాయ్ దగ్గరే ఉంచమన్నాను. వచ్చే వారం మెడికల్‌కి వెళ్తున్నాడు. స్క్రీన్ దాని తర్వాతే కొంటాడట.

నా తీర్పు సూటిగా: మొదటి ఫ్లైట్ సిమ్ సెటప్‌కి 43 అంగుళాల 4కే టీవీ, కంటికి 75 సెంటీమీటర్ల దూరంలో, గోడకి బిగించి, ఓపెన్‌ట్రాక్‌తో. చోటు లేకపోతే 32 అంగుళాల 1440పీ మానిటర్. ఇవాళే కొనక్కర్లేదు. ముందు ఒక టేపు తీసుకుని మీ కుర్చీ నుంచి గోడ దాకా కొలవండి. ఆ అంకె చేతిలో ఉంటే షోరూమ్‌లో ఎవరూ మిమ్మల్ని హెర్ట్జ్‌లతో పడగొట్టలేరు.